గడప ఒకచోట, ఇల్లు ఒకచోట

సాటిలైట్ ఫొటోలో గానెట్ రేవు అంటే
బూడిదరంగు రాయి, కాస్త నాచు, అంతే.
నేనక్కడ ఒక చుక్క పెట్టి
"ఊరు. ఇప్పుడు లేదు" అని రాశాను.
మూడోరోజుకి ఎవరో, ఏ దేశంవాడో, చెరిపేశాడు.
నేల మీద ఉన్నదే మ్యాప్‌లో ఉండాలట.
నియమం అదే. కాదనను.

ఫ్రీడా పిన్‌సెంట్‌కి చెబితే
టీ కప్పు దించకుండానే నవ్వింది.
"లేదన్నదెవరు? నువ్వు కూర్చున్నది
ఆ ఊరి ఇంట్లోనే."

అరవై ఏడులో, న్యూఫౌండ్లాండ్ రేవుల్ని
సర్కారు ఖాళీ చెయ్యమన్నప్పుడు
వాళ్ల నాన్న ఇంటి కింద నూనె పీపాలు కట్టి
పోటు కోసం కూర్చున్నాడు.
ఆరు పడవలు లాగాయి.
కిటికీ తెరలు కూడా విప్పలేదు.
పగిలింది ఒక్క సాసరు,
అదీ ఒడ్డు చేరాక, పిల్లి తోసి.
గడపరాయి మాత్రం బరువని
అక్కడే వదిలేశారు.

బడి కూడా అలాగే తేలుతూ వచ్చింది.
కొన్నాళ్లు ఉప్పుచేపల గోదాము,
ఇప్పుడు జిమ్ము.
నల్లబల్ల మీద ఎక్కాలుండే చోట
ఎవడు ఎన్ని కిలోలెత్తాడో సుద్దతో.
చర్చి మంగలిషాపయింది.
నేను "మంగలిషాపు" అని టైపు చేస్తుంటే
ఫ్రీడా నా చెయ్యి పట్టుకుంది:
"నా పెళ్లి జరిగిందక్కడ,
నా జుట్టు రాలేదీ అక్కడే.
రెండూ రాయి."

శనివారం హెడ్లీ పడవలో వెళ్లాను.
ఇళ్లు లేవు గానీ
ఇళ్ల చుట్టూ వేసిన రూబార్బ్ మొక్కలు
మోకాలెత్తున, చతురంగా, ఇంకా కాపలా ఉన్నాయి.
గడపరాయి దొరికింది.
అరిగి అరిగి నడుమ పల్లం,
పల్లంలో వాననీళ్లు,
నీళ్లలో ఒక పురుగు ఈదుతోంది.
ఫొటో తీశాను. అక్షాంశం, రేఖాంశం రాసుకున్నాను.
నేల మీద ఉందయ్యా, చూసుకో.

ఈసారి చెరపలేదు.
చెరిపినవాడే రాత్రి రెండింటికి ఒక ప్రశ్న పంపాడు:
"గడప సరే.
తలుపు ఎటు తెరుచుకునేది?"

ఫ్రీడాని అడిగాను.
లేచింది. వంటింట్లో నిలబడి
లేని గొళ్లేన్ని ఎడమచేత్తో తీసి చూసుకుంది.
"అప్పుడు నీళ్లవైపు.
ఇప్పుడూ నీళ్లవైపే.
నీళ్లే అటు తిరిగి పడుకున్నాయి."

ఆ గడిలో ఏం నింపాలో తోచక
నేను టీ చల్లారబెట్టుకున్నాను.