రొయ్యల కాటా మీద ఇల్లు

టార్పాలిన్ ఎనిమిది కిలోలు.
తడిస్తే ఎంతో నేనెప్పుడూ తూచలేదు,
నా నడుం తూచింది.

సార్వా కోతలయ్యాక
ఆచంట నించి మొగల్తూరు దాకా
బాతులు ముందు, నేను వెనక,
నా వీపు మీద నా ఇల్లు.
ఆరువందల బాతుల్లో ఒక్కదానికీ
తన ఈకలు బరువనిపించవు.
మోసేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఈ ఏడు కొత్తది కుట్టించాలని
పాలకొల్లులో మస్తాన్‌బీ మిషను పక్కన
గొంతుక్కూర్చుని
ఒక్కో గుడ్డనీ వేళ్ల మధ్య నలిపాను,
వడ్లగింజ పంటికింద నొక్కి తేమ చూసినట్టు.

యూరియా బస్తా లోపలి కవరు తేలికే.
కానీ రాత్రంతా మాట్లాడుతుంది.
గాలి ఒక్క మాటంటే అది పదంటుంది,
బాతులు బెదురుతాయి.

ఎన్నికలప్పటి ఫ్లెక్సీ ఊరికే ఇస్తామన్నారు.
అబ్బో, దాని బరువు!
పైగా వెల్లకిలా పడుకుంటే
నా మొహం మీదికి ఎవరిదో నవ్వు,
రెండు చేతులూ జోడించి.
వద్దన్నాను.

మా ఆవిడ వాయిల్ చీర ఇచ్చి పంపింది,
అంచు మాత్రం కొయ్యొద్దంటూ.
మడిస్తే గుప్పెట్లో పడుతుంది.
మస్తాన్‌బీ దాని మీద గ్లాసుడు నీళ్లు పోసింది.
గుటకేసినట్టు తాగేసి
కిందున్న నా పాదం తడిపింది చీర.
“పారెయ్యకు. ఇది పైకి కాదు, లోపలికి” అంది.
ఆ మాట అప్పుడు నాకెక్కలేదు.

అప్పుడు తీసింది పారాచూట్ గుడ్డ.
బూడిదరంగు, ఉల్లిపొరంత పల్చన.
దగ్గరగా చూస్తే నేతలో చిన్న చిన్న గళ్లు.
“చిరిగినా గడి దాటదయ్యా” అంది.
నాకు తెలిసిన సంగతే.
గట్టు గట్టిదైతే గండి ఆ మడితోనే ఆగుతుంది.
నోరానించి ఊదాను,
అవతల పెట్టిన అరచేతికి ఏమీ తగల్లేదు.
నీళ్లు పోశాను,
బాతు వీపు మీదలాగే జారిపోయాయి.

సరే, ఇదే, అని లేవబోయాను.
“కూర్చో” అంది.
“గాలిని రానివ్వనిది పోనివ్వదు కూడా.
మా ఆయన నరసాపురం బోటు మీద
ఇలాంటి దాని కిందే పడుకునేవాడు.
చుక్క వాన లేకపోయినా పొద్దున్నే దుప్పటి పిండేవాడు.
నీ ఊపిరే నీ మీద కురుస్తుంది.”

అందుకని అంచులు నేలకి జానెడు పైకి కోసింది.
లోపల చీర వేలాడగట్టింది, దోమలకీ అదే తలుపు.
కుట్టు కుట్టుకీ కొవ్వొత్తి రుద్దింది.
గుంజ నా బాతుల కర్రే.
మేకులు పాత సైకిలు పుల్లలు.

దారిలో రొయ్యల కాటా దగ్గర ఆగి
మూట పళ్లెంలో పెట్టాను.
కిలో నూట యాభై.
కాటా కుర్రాడు కౌంట్ రాసుకునే చీటీ తీసి
“కిలోకెన్ని బాబాయ్?” అన్నాడు నవ్వుతూ.
“కిలోకి ఒకణ్ణి” అన్నాను.

మొదటి రాత్రి లోసరి కాలవ గట్టు మీద.
చేను మొదళ్ల మీంచి మంచు లేస్తోంది.
బాతులు వలలో సర్దుకున్నాయి.
గుడ్డ ఒక్కసారి ఉబ్బి తగ్గింది, అంతే,
మాట్లాడలేదు.
దానికి చెవి పెట్టుకుని చాలాసేపు మెలకువగానే ఉన్నాను.
టార్పాలిన్ చప్పుడుకి అలవాటు పడ్డ మనిషిని,
ఇంత నిశ్శబ్దాన్ని నమ్మడం కష్టమైంది.

తెల్లారి చూస్తే బూడిదరంగు కింద వరసగా చుక్కలు.
ఒక్కటీ నా మీద పడలేదు.
అన్నీ చీరలోకి దిగాయి.
బయటికి తెచ్చి పిండాను, అరగ్లాసు.
ఒక్క రాత్రికి మనిషి ఇంత వదులుతాడా!
కాటా మీద దీన్ని తూచనే లేదు.

బాతులు అప్పటికే రెండు మళ్లు దాటాయి.
అంచు నేలకి తగలకుండా
తడి చీర భుజాన వేసుకుని
పరిగెత్తాను.