పాసంగం

డులూత్‌లో జనవరి. సరస్సు కనుచూపు మేరా గడ్డకట్టింది.
పగలంతా కొట్లో పొగబెట్టిన చేపలు తూస్తాను,
చుట్టిన కాగితం బరువు తీసేసి మరీ.
మా నాన్న వాడిన పాత తక్కెడే.
ఎడమ పళ్లెం కాస్త తేలిక,
దాని అడుగున ఆయన అంటించిన రాగి నాణెం
ఇంకా పట్టు వదల్లేదు.

గురువారం రాత్రి నేలమాళిగలో, హీటరు పక్కన,
ఎనిమిది మంత్రశాఖలు తూస్తాను.
వాటికి తూకపురాళ్లు ఎవరూ చెయ్యలేదు.

ఐనోది అగ్నివిద్య.
నలభయ్యేళ్లు ఓడలకు వెల్డింగు చేసినవాడు.
ఎనిమిది పాచికలు దోసిట్లో గలగలలాడించి కుమ్మరిస్తే
కాఫీ కప్పులు ఉలిక్కిపడతాయి,
మెట్ల మీద పిల్లి మాయమవుతుంది.
ఒక విద్యలో ఆరితేరాలంటే రెండు విద్యలు వదులుకోవాలి.
నేను పెట్టిన నియమమే.
"ప్రేతవిద్య, వశీకరణం" అన్నాడు,
ఇరుకైన చెప్పులు కొట్లోనే వదిలేసినంత తేలిగ్గా.
ఎప్పటికీ వాడని దాన్ని ఇచ్చేస్తే
అదేం మూల్యం?
నా నోటుబుక్కులో ఆ గడి చెరిపి చెరిపి
అవతలి పేజీ కనబడుతోంది.

డెల్ఫీన్ సోదె చెబుతుంది.
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ, సెలవు దొరికితేనే ఆట.
ఆమె విసిరేది ఒకే ఒక్క ప్రశ్న:
"ఆ తలుపు వెనక ఎవరైనా ఏడుస్తున్నారా?"
నేను నోరు తెరిచేలోగా
ఐనో తలుపు తగలబెట్టేస్తాడు.

నెంగ్‌ది మాయ.
అతని గోడ ఎంత గట్టిదో
ఆ పూట నా ఓపిక ఎంత గట్టిదో అంత.
అతను ఫిర్యాదు చెయ్యడు, లెక్కలు చేస్తాడు.
నిప్పుకి ఒక పాచిక కోసేసిన వారం
"సగటున మూడున్నర దెబ్బ తగ్గింది, మార్లిస్.
అయినా మిగతా మేమంతా చప్పట్లు కొట్టే జనమే" అన్నాడు.
ఐనో మూతి ముడుచుకున్నాడు.
పాచిక తిరిగి ఇచ్చేశాను.
అప్పుడు అర్థమైంది,
వీళ్లు అడుగుతున్నది సమానం కాదు,
వంతు.

ఫిబ్రవరిలో వాళ్లని ఓ నది దగ్గరికి తీసుకెళ్లాను.
మంచు కింద పడవవాడు, కళ్లు తెరుచుకునే ఉన్నాయి.
దారి తెలిసింది అతనొక్కడికే.
ఐనో పాచికలు దోసిట్లోకి తీసుకున్నాడు.
ఆగాడు.
నిప్పు వేస్తే మంచు కరుగుతుంది,
మంచు కరిగితే శవం ప్రవాహంలో పోతుంది.
"చనిపోయినవాళ్లతో మాట్లాడ్డం నాకు రాదు కదూ" అన్నాడు,
ఎవరితోనో తెలియలేదు.
వదిలేసిన విద్యకి ఆ రాత్రి
మొదటిసారి బరువొచ్చింది.

హీటరు టిక్కుటిక్కుమంది.
డెల్ఫీన్ అడిగింది:
"అతనికి చలేస్తోందా?"

వేస్తోంది, అన్నాను.
అది నేను రాసుకున్న కథలో లేదు.

ఐనో ఏడు పాచికలు ఒక్కొక్కటే పక్కన పెట్టాడు.
మిగిలిన ఒక్కదాన్ని
విసరకుండా, అరచేతిలోంచి జార్చాడు.
రెండు పడింది.
"చేతులు కాచుకునేంత" అన్నాడు.
మంచు మీద గోరంత మంట.
కింద ఆ పెదవులు కదిలాయి,
నెంగ్ వాటి ఆవిరిని గాలిలో దారిగా గీశాడు.
చీకట్లో దారి చెప్పడం
ఏ శాఖ కిందికొస్తుందో ఎవరూ అడగలేదు.

వెళ్తూ నెంగ్ గుమ్మం దగ్గర బూట్లు బిగిస్తూ అన్నాడు:
"అయితే నియమం? ఏడా, ఎనిమిదా?"
ఎనిమిదే, అన్నాను.
ఆ పలచబడ్డ గడిలో
పెన్సిలుతో ఒక చిన్న గుండ్రం గీశాను,
రాగి నాణెమంత.