తొలకరి చేను

రాత్రి వాన పడింది.
తెల్లారేసరికి వజ్రకరూరు చేలనిండా
వంగిన నడుములే.
గుత్తి నుంచి నేనూ వచ్చినా,
ఇస్త్రీ బండికి పట్ట కప్పి.

పక్క సాలులో కెమిస్ట్రీ సారు,
రిటైరయి రెండేండ్లంట.
రాయి రాయీ ఎండకెత్తి చూస్తాండాడు.
ఉన్నట్టుండి కేకేసినాడు:
"పెన్నోబులేసూ, దొరికింది!"
ఉంగరంలో మాదిరి తళతళ.
సోడాబుడ్డి పెంకు.

"పచ్చి వజ్రం అట్ల మెరవదు సార్,
సాన పట్టినాకే ఆ మెరుపు.
మట్టిలో కలకండ పలుకు మాదిరి
మబ్బుగా ఉంటాది" అంటి.
ముప్పై ఏండ్లు పాఠం చెప్పినోడు,
నగలంగడి అద్దంలోదే
చేన్లో మొలుస్తాదనుకున్యాడు!
నవ్వాపుకోలేక దగ్గినా.

సారు నొచ్చుకోలా.
పెంకు జేబులో ఏసుకోని
"వజ్రమంటే ఏందనుకున్యావు?
నీ ఇస్త్రీ పెట్టెలో బొగ్గే" అన్యాడు.
ఈసారి దగ్గకుండానే నవ్వినా.
ఆయన నవ్వలా.
"సరుకొకటే. గుడ్డ అదే, మడత వేరు."

మడతంటే నాకు తెలుసు.
ఇరవయ్యారేండ్లు
పొద్దున్నే విసిరి విసిరి ఎర్రగా రాజేసి
మాపటేళ బూడిద కాలవలో కుమ్మరిస్తి.
ఎవురూ చెప్పలా.
నేనడిగిందీ లేదు.

మళ్ల వంగినాం.
పదకొండప్పుడు సారు కాలికింద
మబ్బు పట్టిన పలుకొకటి.
తుడిచి నా అరచేతిలో పెట్టి
"ఇదేనా?" అన్యాడు,
పిల్లోడు టీచరునడిగినట్ల.

నాలిక మీద పెట్టి చూస్తి.
ఎండకు తిప్పితిని.
పెద్ద తెలిసినోని మాదిరి గొంతు సవరిస్తి.

ఒట్టు,
పచ్చి వజ్రాన్ని నేనూ
ఎప్పుడూ చూసినోన్ని కాదు.