ఇతరములు

ఫిబ్రవరి. విన్నిపెగ్ శివారు. కర్లింగ్ క్లబ్బు హాలు.
బయట మైనస్ ముప్పై ఒకటి.
తలుపు తెరిచిన ప్రతిసారీ
మనిషి వెంట ఇంత తెల్లని ఆవిరి
చెప్పులు విప్పకుండా లోపలికొచ్చేది.

మూడు బల్లలు కలిపి పటాన్ని పరిచాం.
రెండు హైవేలు, నాలుగు లూపులు.
పైనుంచి చూస్తే
ఎవరో తొందరలో వేసి
బిగించడం మరిచిపోయిన ముడి.
విప్పాలా, మళ్ళీ వెయ్యాలా
చెప్పమని ఊరిని పిలిచాం.
పసుపు చీటీలిచ్చాం, పెన్సిళ్ళిచ్చాం.
కాఫీ పల్చగా ఉందని అందరూ ఒప్పుకున్నారు.
ఆ రాత్రి కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

లారీ తోలే యారెమా ఖ్రిసాక్
గోధుమల లోడుతో ఆ వంపు తిరిగేటప్పుడు
వెనక ట్రెయిలర్‌కి ఏం బుద్ధి పుడుతుందో చెప్పబోయి
మాట చాలక
రెండు చేతులూ గాల్లో చాపి, పక్కకి వాల్చి చూపించాడు.
ఆ చేతుల్ని చీటీలో ఎలా పట్టించాలో తెలియక
"వాలు సరిచేయాలి" అని రాసుకున్నాను.

లిగాయా మాగ్‌సినో రాత్రి డ్యూటీ దిగి
వంతెన కిందుగా బస్సుకి నడుస్తుందట.
"కాలిబాట ఉంది కదమ్మా" అన్నాడు మా ఇంజనీరు.
"ఉంది, మంచు కింద.
రోడ్డు మీది మంచంతా మీ బండి దున్నుకొచ్చి
నా బాట మీదే పోస్తుంది.
కార్లకి దారి దొరికిన ప్రతి పొద్దూ
నా దారి మూసుకుపోతుంది."
ఆమె గొంతు పెంచలేదు.
రబ్బరు బూట్ల చుట్టూ మాత్రం
చిన్న మడుగు కట్టింది.

ఒక పిల్లాడు లూపు మధ్యలో వేలు పెట్టి
ఈ గడ్డి ఎవరిదన్నాడు.
ప్రభుత్వానిది అన్నాం.
ప్రభుత్వం ఎప్పుడైనా అక్కడికెళ్ళిందా అన్నాడు.

ఎనభై దాటిన హెల్గా తీసెన్ చివరికొచ్చింది.
మొదటిసారి ఈ ముడి వేసినప్పుడు
వాళ్ళ బార్లీ పొలం మీదుగానే వేశారట.
"మా నాన్నని అడగలేదు.
ఒకరోజు పొద్దున్నే మేకులు పాతి ఉన్నాయి, అంతే."
మరి ఇప్పుడు మీకేం కావాలండీ అన్నాను, పెన్సిల్ పట్టుకుని.
"ఏమీ వద్దు.
అడిగించుకుందామని వచ్చాను."

మర్నాడు ఆఫీసులో
మూడు వందల పన్నెండు చీటీలు.
నాలుగు గడులు: భద్రత, ఆలస్యం, శబ్దం, ఇతరములు.
యారెమా చేతులు భద్రతలోకి వెళ్ళాయి.
లిగాయా మడుగు కూడా.
హెల్గా దగ్గర కాసేపు ఆగి
ఇతరములు అని కొట్టాను.

ఒక చీటీ మీద పేరు లేదు.
ఈశాన్యపు ర్యాంపు అంచున అతికించి ఉంది,
పెన్సిల్ నొక్కి రాసిన అక్షరాలు:
"ఇక్కడ ఆగడానికి చోటు లేదు."

ర్యాంపు మీద ఆగకూడదు.
మా ఇంజనీరు ఆ మాటే అన్నాడు, తప్పేం లేదు.
నేనూరుకోక ప్రమాదాల జాబితా తిరగేశాను.
మూడేళ్ళ కిందట, డిసెంబరు, సాయంత్రం ఐదూ నలభై.
జాబితాలో పేర్లుండవు. నంబరు ఉంటుంది.
ఎవరో ఆ నంబరు కోసం
పూలు పట్టుకుని
గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంతో
ఎన్నిసార్లు దాటిపోయారో.

కొత్త నమూనాలో ఒక్కో బండికి
సగటున పద్నాలుగు సెకన్లు కలిసొస్తాయి.
నివేదిక మొదటి పేజీలో పెట్టాం, బొద్దు అక్షరాల్లో.
ఆ చీటీ నలభై ఏడో పేజీలో ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ
ఈశాన్యపు ర్యాంపు ఎక్కాను.
ఆగలేదు. ఆగకూడదు కదా.
యాక్సిలరేటర్ మీంచి కాలు తీశానంతే.
కంచె, దాని వెనక నీలంగా మంచు,
ఒక రిఫ్లెక్టరు వెలిగి ఆరిపోయింది.

వెనక కారు హారన్ కొట్టింది.
పాపం, దాని ఆలస్యం కూడా
మా సగటులోకే వస్తుంది.