దిగే మోత

కళ్లు మూసుకుని వింటాడు కోట్ని తవిటయ్య.
నా ఫోన్‌లో పాత సీరియల్, నలుపూ తెలుపూ.
ఇన్‌స్పెక్టర్ జీపు మలుపు తిరిగింది,
దొంగ గోడ దూకాడు,
ఈయనకి అవేవీ అక్కర్లేదు.
"ఇది జీపు మోత కాదే గుంటా.
ఫైరింజన్‌ది. సేత్తో తిప్పేది.
జీపు బొమ్మకి అతికించి మోసం సేస్తన్నారు."

ఆ మోసం చేసేది నేనే, ఇంకోచోట.
సీరియళ్లకి చప్పుళ్లు అతకడం నా పని.
వేడి పెనం మీద నీళ్లు చిలకరిస్తే వాన,
పాత తోలు పర్సు నలిపితే గుర్రం జీను.
డెబ్భై ఎనిమిది నాటి పోలీసు జీపు,
అసలు సైరన్ కావాలన్నాడు డైరెక్టర్.
నా కంప్యూటర్‌లో నూట నలభై సైరన్లున్నాయి,
అన్నీ ఏ దేశపు వీధుల్లోనో అరిచినవి.
రాత్రి బస్సెక్కాను.
తెల్లారి ఏడు రోడ్ల కూడలిలో దిగి, టీ తాగి,
నాగావళి వైపు సందులోకి నడిచాను,
చిన్నప్పుడు మా ట్రాన్సిస్టర్‌కి ప్రాణం పోసిన కొట్టుకి.
బోర్డు మీద 'రే' రాలిపోయి 'డియో' మిగిలింది.
ముప్ఫయ్యొక్కేళ్లు పోలీసు వైర్‌లెస్‌లో చేసి
ఆనక పెట్టిన కొట్టు.

ఇంకో సీను. ఎస్సై హ్యాండ్‌సెట్ అందుకుని
గబగబా చెప్పుకుపోతున్నాడు.
"ఆపాపు. ఎనక్కి తే.
ఆ సుట్టల వైరు ఎక్కడికెళ్లిందో సూడు.
సీటు కిందికి. అక్కడ సెట్టే నేదు.
యాంటెన్నా మూరెడు, ఈ మాట ఊరు దాటదు.
పైగా బొత్తాం నొక్కకండా అరుస్తన్నాడు,
ఎవుడికి ఇనబడతాదట?"
పొట్ట పట్టుకుని నవ్వాడు.
నవ్వుతూనే ఎక్కడో ఆగాడు.

"నొక్కితే మాటాడొచ్చు.
నొక్కినంతసేపూ ఇనలేం.
ఆ సెట్టు ధర్మం అది."

తుఫాను రాత్రి. ఏ సంవత్సరమో చెప్పలేదు.
కంట్రోల్ రూములో తను.
సముద్రం ఒడ్డున అవుట్‌పోస్టులో
సవలాపురపు ఎర్రన్న.
పైనుంచి ఆర్డరొచ్చింది, నాలుగు కాయితాలు,
ఏ ఊరికెన్ని బియ్యం బస్తాలు,
ఎవరు దింపాలి, ఎవరు సంతకం పెట్టాలి.
బొత్తాం మీద బొటనవేలు, ఒక్క ఊపున చదివేశాడు.
చివర్న 'ఓవర్' అని వదిలితే
అవతల చేటలో ఇసక జల్లిస్తున్నట్టు,
అంతే.
"మద్దిలో నన్ను పిల్సేడో, నేదో."

ఎర్రన్న ఏమయ్యాడని నేనడగలేదు.
ఆయన స్క్రూడ్రైవర్ తుడిచాడు.
తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"సైరన్ కదా నీక్కావాల్సింది, ఇను.
ఎత్తుకోడం అన్నిటికీ ఒకలాగే ఉంటాది,
దిగడంలో పోల్చుకోవాల.
ఈ కొత్తవి టక్కుమని సచ్చిపోతాయి.
మా జీపుది స్విచ్చాపీసినా
లోపల సక్రం తిరుగుతానే ఉంటాది."

కట్టుడుపళ్లు తీసి గ్లాసులో వేశాడు.
కౌంటర్ పట్టుకుని లేచి బుగ్గలు నింపాడు.
మొదట బొంగురుగా, పాత కుట్టుమిషన్‌లా,
తర్వాత పైకి, ఇంకా పైకి.
సందులో కుక్కలు అందుకున్నాయి.
చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న ఎదురింటావిడ
అరుగు మీంచి తొంగి చూసింది.
మెడ నరాలు తేలేదాకా వెళ్లి
అక్కడ, వేలితో గాల్లో, స్విచ్చి ఆపాడు.

దిగుతోంది.
లంకెల పాటి దూరం వెళ్లిపోయిన జీపులా,
తూమెడు, తవ్వెడు, సోలెడు,
గుప్పెడు.
రికార్డర్‌లో ముల్లు సున్నా మీద పడుకుంది.
కుక్కలు కూడా మానేశాయి.
ఆయన నోరింకా తెరిచే ఉంది.

కాసేపటికి పళ్లు పెట్టుకుంటూ అడిగాడు,
"ఏటే గుంటా, సరిపోనాదా?"

చెయ్యెత్తి ఆగమన్నాను.
ఇంకా వస్తోంది.