పదిహేడో పేజీ

మా పంచాయతీ తీర్మానాల పుస్తకంలో
పదిహేడో పేజీ మీద ఒక ఉప్పునీటి మరక.
దాని పక్కన నీ సంతకం,
ఇంగెబోర్గ్ హెల్‌విక్.
ఆ పేరు కూడబలుక్కోవడానికి
నాకు రెండు వేసవులు పట్టింది.
నిన్ను నువ్వనే అంటున్నాను, ఏమనుకోకు.
మేం గోదారినీ నువ్వనే అంటాం.

నువ్వొచ్చిన పూట గౌతమి పాటు మీద ఉంది.
పడవ ఒడ్డుకి రానని మొరాయించింది.
జోళ్లు చేత పట్టుకుని
మోకాలిబంటి బురదలో దిగి నడిచావు.
వెనకాల ఆఫీసర్లు, వాళ్ల వెనకాల గొడుగులు.
తుపాను షెల్టరుకి డబ్బిచ్చిన దేశం నీదన్నారు.
అక్కడ పెద్ద పార్టీ నడిపినదానివన్నారు.
పులస రోజులు కావు,
చందువ పులుసు పెట్టాం.
ముల్లు తీయడం నీకెవరూ నేర్పనక్కర్లేకపోయింది.

దుబాసీ కుర్రాడు నీ బతుకుని
మూడు ముక్కల్లో తేల్చేశాడు:
జాలరింట పుట్టారు, చదువుకున్నారు, మంత్రి అయ్యారు.
మిగతాదంతా తర్వాత
యానాంలో నెట్టు కొట్టున్న మా మేనల్లుడు
దోనయ్య చేత చదివించుకున్నాను.

పదేళ్లప్పుడు మంచు పడే రేవులో
పెద్ద చేపల నాలుకలు కోసి అమ్మి
సైకిలు కొనుక్కున్నావట.
రొయ్యలు ఒలిచే ఆడవాళ్లకి గంటకింతని కూలి అడిగి
మొదటిసారి బల్ల ఎక్కావట.
పదకొండు ఓట్లతో ఓడి,
మళ్లీ లెక్కపెట్టించి, మళ్లీ ఓడి,
మూడోసారి గెలిచావు.
చేప తగ్గిపోతోందని వలలకి లెక్క కట్టినప్పుడు
నీ సొంత అన్న
నీ ఇంటి గుమ్మం తొక్కడం మానేశాడు.
ఆరేళ్లు పార్టీకి పెద్దవి.
ఒక రాత్రి మీటింగులో నీవాళ్లే నిన్ను దింపేశారు.
తెల్లారి బస్సెక్కి ఊరెళ్లిపోయావు.
బస్సెక్కావన్న మాట దగ్గర
దోనయ్యని మళ్లీ చదవమన్నాను.

ఆ రోజు నేను బొండాల పళ్లెంతో
గుమ్మం దగ్గర నిలబడ్డాను.
కుర్చీలో మా ఆయన.
ప్రెసిడెంటు ఎవరని అడిగావు.
అందరి వేళ్లూ అటు తిరిగాయి.
దుబాసీ మాత్రం కాగితం చూసి,
నాగిడి పల్లాలమ్మ, అన్నాడు.
నువ్వేమీ అనలేదు.
పుస్తకంలో సంతకం చేసి
పెన్ను ఆయనకివ్వలేదు,
పళ్లెం దింపించి నా చేతిలో పెట్టావు.
అప్పటిదాకా నా సంతకం కూడా
ఆయనే పెట్టేవాడు.

పద్దెనిమిదో పేజీ నా రాత.
మంచినీళ్ల నూతి పక్కన రొయ్యల చెరువులు తవ్వకూడదు.
వంకర గీతలు, తలకట్లు లేని అక్షరాలు.
ఆ చెరువుల్లో మూడు మా బావవి.
ఆయన ఇప్పటికీ మా పెళ్లిళ్లకి రాడు.
తర్వాతి ఎన్నికల్లో నూట నలభైతో పోయాను.
ఏ బస్సూ ఎక్కలేదు.
మా లంకకి బస్సు లేదు.

నిన్న దోనయ్య ఫోను పట్టుకొచ్చాడు.
నువ్వు పోయావట, ఎనభై ఆరేళ్లకి.
మెచ్చుకున్నవి చదివాడు, కిందవి దాటేయబోయాడు.
చదవరా, అన్నాను.
మీ కడలిపాయల్లో చేపల పంజరాలకి
మొదటి అనుమతి రాసింది నువ్వేనట.
అడుగున పెంట పేరుకుని
నీ పుట్టిన రేవులోనే నీళ్లు చచ్చిపోయాయని
ఎవరో రాశారు.

నేనిక్కడ నీ పేరు చెప్పి
పదిహేనేళ్లు చెరువుగట్ల మీద తిట్లు తిన్నాను.
రాత్రి అన్నం సయించలేదు.
ఆ కాగితం మీదా అదే పెన్నా?
అప్పుడు నీ గుమ్మం దగ్గర
పళ్లెం పట్టుకుని ఎవరున్నారు?

షెల్టరులో ఇప్పుడు రొయ్యల మేత బస్తాలున్నాయి.
తుపానొస్తే వాటి మీదే పడుకుంటాం.

నీ పెన్ను పద్దెనిమిదో పేజీ చివర ఆగిపోయింది.
ఆ రకం రీఫిలు యానాంలో లేదు,
కాకినాడలో లేదు.
మిగతా పేజీలన్నీ
రెండు రూపాయల పెన్నుతో రాశాను.