మందం

చీమకుర్తిలో పదకొండేళ్లు
రాతిని అద్దం చేసిన చేతులివి.
నల్లరాతి కడుపులో బంగారు నలుసులు
ఒక్కోటీ పైకి తేలేదాకా,
మోచేతుల దాకా బురదతో
మిషన్ మెడలు వంచి తిప్పినోణ్ణి.

అందుకే ఒంగోల్లో, కర్నూలు రోడ్డు పక్క కొట్లో
ఖాజావలీ రెండు పాలిషింగ్ మిషన్లు బల్ల మీద పెట్టి
"ఏది కావాల మాల్యాద్రీ?" అంటే
మాటకన్నా ముందు చెయ్యి పోయింది
సూటిగా, ఒకే పట్టున తిరిగేదాని మీదికి.
తెలిసిన బరువు. తెలిసిన మోత.
పాత దోస్తు భుజం మీద చెయ్యేసినట్టుంది.

రెండోది
ఊగుతా తిరుగుద్ది, తిరుగుతా ఊగుద్ది,
తాగినోడు బొంగరం వేసినట్టు.
కాస్త గట్టిగా నొక్కితే ఆగిపోద్ది.
"ఇది మిషనా, అలకపాన్పెక్కిన అల్లుడా?" అన్నా.
ఖాజావలీ నవ్వలా.

కొట్టు వెనక్కి తీసకపోయి
గోడకి ఆనించిన బానెట్ చూపించాడు.
ఎర్రది.
అంచు దగ్గర అరచేయంత మేర
ఎరుపు పోయి తెలుపు,
తెలుపు పోయి ఇనుము.

"నువ్వు పట్టుకున్నావే, ఆ మిషనే.
నిరుడు చేరిన పిలగాడు.
ఒకటీ రెండూ మూడూ అనేలోపల.
బండోడికి కొత్త బానెట్ కొనిచ్చా.
పిలగాడే మళ్లీ రాలా."

నేను వేలితో తడిమి చూశా.
రాయికి లోతుంటది.
తప్పు చేస్తే గరుకు బిళ్ల మార్చి
మళ్లీ మొదట్నించీ రుద్దుకోవచ్చు,
కింద ఉండేది కూడా రాయే.
ఇక్కడ కింద ఇంకోటి లేదు.
రంగు మీద ఒక్క పొర,
తలవెంట్రుక కన్నా పల్చన.
దాన్ని కాపాడుతూనే
దాన్నే కాస్త కాస్త తినాల.

అంకమ్మక్క చీటీ పాడి తెచ్చిన తొమ్మిది వేలు
జేబులోంచి తీస్తా
ఊగేదాన్నే కట్టమన్నా.
అయిదంగుళాల మెత్త బిళ్లలు రెండు,
మెత్తటి గుడ్డలు ఆరు.
పదకొండేళ్ల పనోడు పసిపిల్లోడి సామాను కొనుక్కున్నట్టు
సంచి మూతి గట్టిగా బిగించి పట్టుకున్నా.

త్రోవగుంట రేకుల షెడ్లో
పాత ఇనప కొట్టు నించి తెచ్చిన కారు డోరు మీద
నెల రోజులు.
నాలుగు చోట్ల శనగ్గింజంత పాలిషు,
అంచులకి టేపు,
తిరిగే ప్లేటు మీద మార్కర్తో ఒక గీత:
గీత కనపడితే మిషన్ ఆగినట్టు,
ఆగితే నేను నొక్కినట్టు.
ఎన్నిసార్లు కనపడిందో!
భుజం రాయిని మర్చిపోలా.
"నొక్కబాకు" అని గోడ మీద సుద్దతో రాసుకున్నా.
మా ఆవిడ చదివి
"ఈ మాట నీకు పెళ్లైన కాణ్ణించీ చెప్తన్నా" అంది.

మొదటి బండి పొగాకు బయ్యరుది, నల్లది.
ఎండలో నిలబెడితే ఒళ్లంతా సాలెగూళ్లు,
దుమ్ము మీద పొడిగుడ్డేసి తుడిచిన పాపం.
పొద్దున ఎత్తుకుంటే దీపాలేళకి తేలింది.
పాత మిషనైతే మధ్యాన్నానికి అయ్యేది.
లేకుంటే ఇనుము తేలేది.

చివర్న గుడ్డతో తుడిచి, వంగి,
అలవాటు కొద్దీ
ఆ నలుపులో బంగారు నలుసుల కోసం వెతికా.
లేవు.
పైన ట్యూబ్‌లైటు ఒక్కటే,
వంకర లేకుండా.

ఖాజావలీ ఆ పెద్ద మిషన్ ఇంకా అమ్మలేదంట,
నాకోసమే పక్కన పెట్టాడంట.
పెట్టనీ.
ఇంకొన్నాళ్లు దుమ్ము పట్టనీ.